మన మాటకు పుస్తకంలో చోటిచ్చినవారు



విశాఖపట్నం బీచి రోడ్డు మీద విగ్రహాలు చాలా ఉన్నాయి. వాటిలో గురజాడ అప్పారావు గారి విగ్రహం ఉంది. శ్రీశ్రీ గారి విగ్రహం కూడా ఉంది. ఇలాంటివారి పుట్టినరోజుకు పెద్దలు వస్తారు. పూలదండ వేస్తారు. నాలుగు మంచి మాటలు చెప్పి వెళ్లిపోతారు.

వీళ్లు రాజులు కారు, మంత్రులు కారు. మరి దండలు ఎందుకు? వీళ్లు రచయితలు. మన బతుకును చూశారు. చూసింది రాశారు.

శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాన్ని ఉత్తరాంధ్ర అంటారు. కళింగాంధ్ర అని కూడా అంటారు. ఇది వెనుకబడిన ప్రాంతమని అందరూ చెప్పే మాట. పని కోసం ఇక్కడి జనం ఎక్కడెక్కడికో వలస పోతారు. అది నిజమే. కానీ తెలుగు కథకు, నాటకానికి, పాటకు ఈ నేల ఇచ్చింది చాలా ఉంది. అలా ఇచ్చినవారు ఎవరో తెలుసుకుందాం. వాళ్లను మనం ఎలా గౌరవించగలమో కూడా ఆలోచిద్దాం.

మన మాట కోసం పోరాడిన గిడుగు

ఈ రెండు వాక్యాలు చదవండి.

"బాలిక పాఠశాలకు పోవుచున్నది."

"పిల్ల బడికి వెళ్తోంది."

రెండింటి అర్థం ఒకటే. మొదటి వాక్యం ఎవరూ ఇంట్లో మాట్లాడరు. రెండోది మాట్లాడతాం. మన ఊళ్లో అయితే "గుంట బడికెళ్తంది" అంటాం.

నూరేళ్ల కిందట బడి పుస్తకాలు మొదటి వాక్యంలాగా ఉండేవి. దాన్ని గ్రాంథిక భాష అంటారు. మాట్లాడే భాష ఒకటి, రాసే భాష ఇంకొకటి. అందువల్ల చదువు చాలామందికి అందని కొమ్మ అయింది.

ఇది తప్పు అన్నారు గిడుగు రామమూర్తి గారు. ఆయన 1863 ఆగస్టు 29న పుట్టారు. శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేట ఆయన ఊరు. పర్లాకిమిడిలో పంతులుగా పనిచేశారు. ఆ ఊరు ఇప్పుడు ఒడిశాలో ఉంది. జనం మాట్లాడుకునే భాషలోనే పుస్తకాలు రాయాలని ఆయన వాదించారు. పెద్ద పెద్ద పండితులు ఎదురు తిరిగారు. ఆయన వెనక్కి తగ్గలేదు. ఊరూరా తిరిగి సభల్లో మాట్లాడారు. 1919లో "తెలుగు" అనే పత్రిక పెట్టి అందులో రాశారు.

ఆయన ఇంకో మంచి పని చేశారు. కొండల్లో ఉండే సవరల భాష నేర్చుకున్నారు. సవర పిల్లలకు వాళ్ల భాషలోనే పుస్తకాలు తయారుచేశారు. సొంత డబ్బుతో బడులు పెట్టారు. ప్రభుత్వం మెచ్చుకుని బహుమతి ఇస్తామంది. నాకు వద్దు, ఆ డబ్బుతో సవరలకు బడి పెట్టండి అన్నారాయన.

ఆయన 1940లో చనిపోయారు. ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఆ రోజు ఎందుకు వచ్చిందో మీ పిల్లలకు చెప్పండి. మీరు దిద్దిన వాచకంలో "అన్నం", "నుయ్యి", "కూలి", "బడి" లాంటి మాటలున్నాయి. మనం మాట్లాడే మాటలే పుస్తకంలో ఉన్నాయంటే దాని వెనుక ఈ పంతులు గారి పోరాటం ఉంది.

కమలిని రాసిన ఉత్తరం

గురజాడ అప్పారావు గారు, గిడుగు గారు విజయనగరంలో కలిసి చదువుకున్నారు. గురజాడ గారు 1862 సెప్టెంబరు 21న ఎస్.రాయవరంలో పుట్టారు. ఆ ఊరు ఇప్పుడు అనకాపల్లి జిల్లాలో ఉంది. ఆయన ఎక్కువ కాలం విజయనగరంలోనే ఉన్నారు. 1915లో అక్కడే చనిపోయారు. ఆయన ఉన్న ఇంటిని స్మారకంగా కాపాడుతున్నారు.

1910లో ఆయన "దిద్దుబాటు" అనే కథ రాశారు. మాట్లాడే భాషలో వచ్చిన తొలి కథల్లో అది ఒకటి. అందులో కమలిని అనే భార్య ఉంది. ఆమె భర్త గోపాలరావు. అతను రాత్రిళ్లు పాటకచేరీలకు వెళ్లి ఆలస్యంగా ఇల్లు చేరేవాడు. ఒకనాటి రాత్రి ఇంటికి వచ్చాడు. భార్య కనబడలేదు. బల్ల మీద ఒక ఉత్తరం కనబడింది.

కమలిని ఏడవలేదు. కేకలు వేయలేదు. కాగితం తీసి తన మనసులో మాట రాసింది. అది చదివిన భర్తకు తన తప్పు తెలిసింది. తరవాత ఏం జరిగిందో నేను చెప్పను. కథ చిన్నదే. మీరే చదవండి, నవ్వుకుంటారు కూడా.

ఒక్క సంగతి గమనించండి. కమలినికి రాయడం వచ్చు. అందుకే ఆమె మాటకు బలం వచ్చింది. ఆడవాళ్ల చదువును చాలామంది వెక్కిరించే రోజుల్లో గురజాడ గారు ఈ కథ రాశారు.

పసిపిల్లల పెళ్లిళ్ల లెక్క

ఇప్పుడు కట్నం ఉంది. ఆడపిల్ల తండ్రి డబ్బు ఇస్తాడు. ఆ రోజుల్లో కొన్ని కుటుంబాల్లో ఇంకో ఆచారం ఉండేది. ముసలివాడి దగ్గర డబ్బు పుచ్చుకుని పసిపిల్లను అతనికిచ్చి పెళ్లి చేసేవారు. ఆ డబ్బునే కన్యాశుల్కం అనేవారు. ముసలివాడు కొన్నాళ్లకు చనిపోయేవాడు. ఆ పిల్ల వితంతువు అయ్యేది. బతికినన్నాళ్లూ గుండు, తెల్లబట్ట, చాకిరీ.

విజయనగరం మహారాజా వారు విశాఖపట్నం జిల్లాలోని బ్రాహ్మణ కుటుంబాల్లో ఇలాంటి పెళ్లిళ్లు ఎన్ని జరిగాయో లెక్క తీయించారు. మూడేళ్లలో 1034 పెళ్లిళ్లు తేలాయి. వాటిలో ఐదేళ్ల పిల్లలు 99 మంది. నాలుగేళ్ల పిల్లలు 44 మంది. మూడేళ్ల పిల్లలు 36 మంది. రెండేళ్ల వాళ్లు ఆరుగురు. ఏడాది పిల్లలు ముగ్గురు! ఇది కూడా పూర్తి లెక్క కాదు. చాలామంది నిజం ఒప్పుకోలేదు. గురజాడ గారు తన పుస్తకం ముందుమాటలో ఈ లెక్క రాశారు.

ఆ పుస్తకమే "కన్యాశుల్కం" నాటకం. 1892లో విజయనగరంలో మొదటిసారి ఆడారు. 1897లో పుస్తకంగా వచ్చింది. అందులో అగ్నిహోత్రావధాన్లు అనే తండ్రి పెద్ద కూతురు బుచ్చమ్మను అలాగే అమ్మాడు. ఆమె వితంతువై ఇంటికి వచ్చింది. అయినా చిన్న కూతురు సుబ్బిని లుబ్ధావధాన్లు అనే ముసలివాడికి ఇవ్వబోయాడు. ఆ పెళ్లి ఆపడానికి సుబ్బి మేనమామ ఒక ఎత్తు వేశాడు. మగపిల్లాడికి ఆడవేషం కట్టి ముసలివాడికి పెళ్లి చేసేశాడు! చూసినవాళ్లు పొట్ట పట్టుకుని నవ్వారు. నవ్వి ఊరుకోలేదు. తమ ఇళ్లలో జరిగేది గుర్తొచ్చి సిగ్గుపడ్డారు.

ఆ ఆచారం పోయింది. కానీ చిన్న వయసు పెళ్లిళ్లు ఇంకా పూర్తిగా పోలేదు. పద్దెనిమిదేళ్లు నిండని ఆడపిల్లకు పెళ్లి చేయడం నేరం. ఈ మాట నాటకం చూడనివారికి కూడా చెప్పాలి.

కూలివాళ్ల గోడు రాసినవారు

గురజాడ గారు వేసిన దారిలో చాలామంది నడిచారు.

శ్రీశ్రీ గారు 1910లో విశాఖపట్నంలో పుట్టారు. చెమటోడ్చే కష్టజీవుల మీద పాటలు కట్టారు. ఆయన "మహాప్రస్థానం" 1950లో పుస్తకంగా వచ్చింది.

చాగంటి సోమయాజులు గారిని అందరూ చాసో అంటారు. ఆయన 1915లో శ్రీకాకుళంలో పుట్టారు. విజయనగరంలో ఉండి కథలు రాశారు. ఆయన కథ ఒకటి పేరు "కుంకుడాకు". అందులో గవరమ్మ అనే పేదపిల్ల ఉంది. ఆమెకు బడి లేదు, పలక లేదు. పొయ్యిలోకి ఎండుటాకులు ఏరుకోవడమే ఆమె పని. చిన్నప్పుడు బడి మానేసి పుల్లలు ఏరినవాళ్లు, తమ్ముణ్ణి ఎత్తుకున్నవాళ్లు మనలో ఎంతమంది లేరు? ఆ కథ చదివితే మనల్ని మనం చూసుకున్నట్టే ఉంటుంది.

రావిశాస్త్రి గారు విశాఖపట్నంలో వకీలు. పూర్తి పేరు రాచకొండ విశ్వనాథశాస్త్రి. కోర్టులో పేదవాళ్ల కేసులు చూశారు. పొట్టకూటికి సారా అమ్మి పట్టుబడినవాళ్లను చూశారు. వాళ్ల వెనుక ఉన్న పెద్దవాళ్లు తప్పించుకోవడం కూడా చూశారు. "ఆరు సారా కథలు" అనే పుస్తకం రాశారు. సారా ఎవరి కొంప ముంచుతుందో, ఎవరి జేబు నింపుతుందో అందులో ఉంది. అది మనకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. అయినా పుస్తకంలో చదివితే మన గోడు మన ఒక్కరిదే కాదని తెలుస్తుంది.

బహుమతి డబ్బుతో కథలకు ఇల్లు

కాళీపట్నం రామారావు గారిని కారా మాస్టారు అంటారు. ఆయన 1924 నవంబరు 9న పుట్టారు. ఊరు శ్రీకాకుళం జిల్లా మురపాక. విశాఖపట్నంలో బడిపంతులుగా చాలా ఏళ్లు పనిచేశారు.

ఆయన రాసిన "యజ్ఞం" కథలో అప్పల్రాముడు అనే పేదరైతు కూలీ ఉన్నాడు. అతనికి అప్పు ఉంది. అప్పు తీర్చాలని ఊరి పెద్దలు పంచాయితీ పెట్టారు. చూడబోతే న్యాయం మాట్లాడినట్టే ఉంటుంది. కానీ ఆ అప్పు ఎలా పెరిగింది? వాళ్ల కష్టం ఎక్కడికి పోయింది? తండ్రి అప్పు కొడుకు మెడకు ఎందుకు చుట్టుకోవాలి? ఈ ప్రశ్నలు ఆ కథ అడుగుతుంది. కాగితంలో ఏం రాసి ఉందో తెలియకుండా వేలిముద్ర వేసిన ప్రతి ఇంటికీ ఆ కథ చెందుతుంది.

1995లో ఆయనకు కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. బహుమతుల డబ్బు వస్తే మనం ఏం చేస్తాం? ఇల్లు బాగుచేసుకుంటాం, పిల్ల పెళ్లికి దాస్తాం. ఆయన కథలకు ఇల్లు కట్టించారు. అదే శ్రీకాకుళంలోని కథానిలయం. 1997 ఫిబ్రవరి 22న తెరిచారు. తెలుగులో వచ్చిన ప్రతి కథనూ ఒకచోట చేర్చాలన్నది ఆయన కోరిక. పాత పత్రికలు, పాత పుస్తకాలు ఎక్కడున్నా సేకరించారు. పేరున్నవాళ్ల కథే కాదు, ఒక్క కథ రాసి ఊరుకున్నవారి కథ కూడా అక్కడ దాచారు.  2021 జూన్ 4న ఆయన చనిపోయారు. కథల ఇల్లు మనకు మిగిలింది.

సాటి రచయితలను గౌరవించడం ఎలాగో ఆయన చేసి చూపించారు. వాళ్లు రాసింది చెదలు తినకుండా కాపాడడమే ఆ గౌరవం.

ఆడవాళ్లూ రాశారు

విజయనగరంలో 1929లో పుట్టిన ద్వివేదుల విశాలాక్షి గారు విశాఖపట్నంలో ఉండి నవలలు రాశారు. చాసో గారి కూతురు చాగంటి తులసి గారు కథలు రాశారు. ఇతర భాషల పుస్తకాలను తెలుగులోకి తెచ్చారు. "ఓల్గా నుంచి గంగకు" అనే పెద్ద పుస్తకం అలా తెచ్చిందే.

తరవాతి తరంలో అట్టాడ అప్పలనాయుడు గారు, గంటేడ గౌరునాయుడు గారు ఉన్నారు. గౌరునాయుడు గారు బడిపంతులుగా పనిచేశారు. రైతుల కష్టం, వలసపోయే జనం బాధ వీళ్ల కథల్లో ఉంటాయి. మన యాస కూడా ఉంటుంది. మన యాస విని పట్నంలో ఎవరైనా నవ్వితే తల దించుకోకండి. ఆ యాసలో రాసిన కథలకు తెలుగునాట అంతటా గౌరవం ఉంది.

గౌరవం అంటే ఏమిటి?

"కథ చదివితే కడుపు నిండుతుందా పంతులమ్మా?" అని మా కేంద్రంలో ఒక అక్క అడిగింది. మంచి ప్రశ్న.

కథ కడుపు నింపదు. కానీ కళ్లు తెరిపిస్తుంది. నెల్లూరు జిల్లా సంగతి చూడండి. అక్కడ కూడా మనలాంటి అక్షరాస్యతా కేంద్రాలు నడిచాయి. సారా గురించిన ఒక కథ వాచకంలో పాఠంగా ఉంది. 1992లో దూబగుంట ఆడవాళ్లు దాన్ని చదివారు, మాట్లాడుకున్నారు. తమ ఊళ్లో సారా దుకాణం మూయించారు. ఆ పోరాటం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి ప్రభుత్వం సారా అమ్మకం ఆపేసింది. రాసినదాన్ని చదివి, ఆలోచించి, కలిసి నడిస్తే అంత బలం.

విగ్రహానికి దండ వేయడం మంచిదే. కానీ దండ సాయంత్రానికి వాడిపోతుంది. పుస్తకం తెరిచి చదవడం అంతకన్నా పెద్ద గౌరవం. గురజాడ గారు, చాసో గారు, కారా మాస్టారు మన గురించి రాశారు. కానీ ఆ రోజుల్లో మనలాంటి ఆడవాళ్లలో చదవగలిగినవాళ్లు చాలా తక్కువ. మన గురించి రాసిన పుస్తకం మన చేతికి రాలేదు. ఇప్పుడు మీకు అక్షరం వచ్చింది. వాళ్లు రాసింది చేరాల్సిన చోటికి చేరే రోజు ఇదే.

మాట్లాడుకోండి

1. కమలిని నోటితో చెప్పకుండా ఉత్తరం ఎందుకు రాసింది?

2. మీ ఊళ్లో పద్దెనిమిదేళ్లు నిండకుండా పెళ్లి అయిన ఆడపిల్లలు ఉన్నారా? వాళ్ల చదువు, ఆరోగ్యం ఎలా ఉన్నాయి?

3. మీ ఇంట్లో అప్పు కాగితాలు ఉన్నాయా? వాటిలో ఏం రాసి ఉందో మీరే చదివారా?

చేయండి

1. గ్రంథాలయానికి నలుగురు కలిసి వెళ్లండి. "దిద్దుబాటు" కథ ఉన్న పుస్తకం అడగండి. ఒకరు పైకి చదవండి, మిగతావారు వినండి. తడబడినా ఫరవాలేదు.

2. ఆగస్టు 29న, సెప్టెంబరు 21న మీ కేంద్రంలో ఒక్కొక్క కథ చదవండి.

3. మీ అమ్మ, అత్త పాడే ఊడుపు పాటలు, దంపుళ్ల పాటలు వాళ్ల మాటల్లోనే నోటుపుస్తకంలో రాసి పెట్టండి. పాట కింద పాడినవారి పేరు, ఊరి పేరు రాయండి. వాళ్లు కూడా మన ప్రాంతపు కవులే. వాళ్ల పేరు రాసేవాళ్లు ఇంతవరకు లేరు. ఇప్పుడు మీరున్నారు.