నూలు రెక్కలు, ఆరు అణాలు

ప్రకాశం జిల్లా దొనకొండలో బ్రిటిష్‌వారి కాలం నాటి విమానాశ్రయ స్థలం ఉందని మనలో చాలామందికి తెలుసు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక అది మూలనపడింది. అద్దంకి దగ్గర కొరిశపాడు వద్ద మాత్రం 2024 మార్చి 18న వాయుసేన రవాణా విమానాలు ఏకంగా జాతీయ రహదారి మీదే దిగి, తిరిగి లేచాయి.

విమానానికీ పత్తికీ ఉన్న చుట్టరికం ఇంకా పాతది. 1903 డిసెంబరు 17న అమెరికాలో రైట్ సోదరులు ఎగరేసిన విమానం రెక్కలకు తొడిగింది నూలుబట్టే. కొయ్య చట్రం, పలుచని గుడ్డ, చిన్న ఇంజను. మొదటిసారి గాలిలో నిలిచింది 12 సెకన్లు. ఆ రోజే నాలుగోసారి దిగాక ఈదురుగాలి దాన్ని దొర్లించి విరగగొట్టింది.

వారి తండ్రి మిల్టన్ రైట్ బిషప్పు. ఎగరడం దేవదూతలకే తగునని ఆయన అన్నట్టు ప్రసంగాల్లో ఒక కథ వింటుంటాం. అది ఆయనకు అన్యాయమే. 1878లో పిల్లలకు ఎగిరే బొమ్మ తెచ్చిచ్చింది ఆయనే. అయితే ఇద్దరూ ఒకే విమానం ఎక్కకూడదని మాట తీసుకున్నారు. ఆ భయం ఊరికే కాదు. 1908 సెప్టెంబరు 17న ఆర్విల్ నడుపుతున్న విమానం కూలి, పక్కనున్న సైనికాధికారి థామస్ సెల్ఫ్‌రిడ్జ్ మరణించాడు. ఆర్విల్ కాలు, పక్కటెముకలు విరిగాయి. గోపురం కట్టదలచినవాని గురించి ప్రభువు చెప్పిన మాట (లూకా 14) ఎరిగినవారికి బిషప్పుగారి షరతు అవిశ్వాసంగా కనిపించదు.

ఇక మన సంఘాలకు మరీ దగ్గరి సంగతి. 1911 ఫిబ్రవరి 18న అలహాబాద్ ప్రదర్శనలో అన్రీ పెకే అనే 23 ఏళ్ల ఫ్రెంచి యువకుడు సుమారు 6,500 ఉత్తరాలతో యమున దాటి నైనిలో దిగాడు. పట్టింది 13 నిమిషాలు. తపాలా శాఖ ముద్రతో ప్రపంచంలోనే మొదటిసారి విమానంలో వెళ్లిన ఉత్తరాలవి. ఒక్కో ఉత్తరానికి వసూలు చేసిన ఆరు అణాల ప్రత్యేక రుసుము ఎవరికి వెళ్లింది? హాలండ్ అనే మిషనరీ నడిపిన విద్యార్థుల హాస్టలుకు! ఒక ప్రాణం పణంగా పెట్టిన ఆ కాసేపటి ప్రయాణం పిల్లల చదువుకు కానుకైంది.

మిరప కల్లాల్లో కూలిచేసిన తల్లిదండ్రులు పిల్లలను గుంటూరు, ఒంగోలు మిషన్ హాస్టళ్లకు పంపి చదివించుకున్న కుటుంబాలు మనలో ఎన్నో. ఆరు అణాల విలువ వారికి చెప్పనక్కరలేదు. ఆ ఇళ్ల మనుమలు, మనుమరాళ్లు ఇప్పుడు విమానమెక్కి విదేశాలకు వెళుతున్నారు. సాగనంపి వచ్చిన అమ్మలు, అమ్మమ్మలు 139వ కీర్తన చదువుకుంటూ, దిగామన్న ఫోను వచ్చేదాకా నిద్రపోరు.

మిల్టన్ రైట్ కూడా అలాంటి తండ్రే. 1910 మే 25న ఆయన తన షరతును ఒక్కసారికి సడలించారు. అన్నదమ్ములిద్దరూ కలిసి ఎగిరింది ఆ ఒక్కరోజే. తరువాత 81 ఏళ్ల బిషప్పుగారే ఆర్విల్ పక్కన కూర్చున్నారు. దించమని కాదు, ఇంకా పైకి తీసుకెళ్లమని అడిగారు.