సముద్రాన్ని లెక్కపెట్టే సామాన్యులు

సముద్రంలో కొంత మేరను ఎంచుకొని, అక్కడ వేటను పూర్తిగా నిషేధించినా, కొన్ని జాతులకో కొన్ని పద్ధతులకో పరిమితం చేసినా ఆ మేరను సముద్ర రక్షిత ప్రాంతం అంటారు. ఆంధ్ర తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరపడవలకు అమలయ్యే 61 రోజుల వేట నిషేధం చేపలు గుడ్లు పెట్టే కాలాన్ని కాపాడుతుంది. రక్షిత ప్రాంతం ఒక చోటును ఏడాది పొడవునా కాపాడుతుంది. అడవి చుట్టూ కంచె వేయవచ్చు, పొలం గట్టున హద్దురాయి పాతవచ్చు గాని నీటి మీద సరిహద్దు కంటికి ఆనదు. అందువల్ల పటం మీది హద్దును జనం పాటిస్తున్నారా, పాటించినచోట జీవజాలం పెరుగుతున్నదా అనే రెండు ప్రశ్నలకు, ఎవరో ఒకరు ఏళ్ళ తరబడి అక్కడికి వెళ్ళి చూసి రాస్తే తప్ప జవాబు దొరకదు.

అమెరికా పడమటి తీరంలోని కాలిఫోర్నియాలో ఈ పనిలో కొంత భాగాన్ని సామాన్య పౌరులు జీతం లేకుండా చేస్తున్నారు. ఆ రాష్ట్రం 1999లో సముద్రజీవుల రక్షణకు చట్టం చేసి, 2012 నాటికి తీరం పొడవునా 124 రక్షిత ప్రాంతాలను ఏర్పరచింది. తీరం నుంచి 3 నాటికల్ మైళ్ళ వరకు, అంటే సుమారు 5.5 కిలోమీటర్ల దాకా రాష్ట్రం అధీనంలో ఉండే జలాలలో ఇవి దాదాపు 16 శాతం. వేట మీద బతికేవారికి, సరదాకు గాలం వేసేవారికి ఇది చిన్న నష్టం కాదు. వారిని నీరు వదులుకొమ్మని అడిగిన ప్రభుత్వం దానివల్ల ఒరిగిందేమిటో చూపించవలసి ఉంటుంది.

పర్యావరణ సంస్థలు కలిసి నడిపే ‘ఎంపీఏ వాచ్’ (ఎంపీఏ అంటే సముద్ర రక్షిత ప్రాంతమే) అనే కార్యక్రమం మొదటి ప్రశ్నను తీసుకొంది. ఇందులో లెక్కపెట్టేది చేపలను కాదు, మనుషులను. శిక్షణ పొందిన కార్యకర్త ముందే నిర్ణయించిన తీరభాగం వెంట నడుస్తూ, ఒడ్డున, నీటిలో ఎవరు ఏం చేస్తున్నారో ఒక పట్టికలో గుర్తిస్తాడు. గాలం వేయడం, రాళ్ళ మధ్య జీవులను ఏరుకోవడం వంటి, సముద్రం నుంచి ఏదో ఒకటి తీసుకొనే పనులు ఒక వర్గం. ఈత, సర్ఫింగ్, నడక వంటి, ఏమీ తీసుకోని పనులు మరో వర్గం. రక్షణ లేని తీరాల్లోనూ ఇదే పద్ధతిలో లెక్కలు తీస్తారు గనుక లోపలికీ వెలుపలికీ ఉన్న తేడా తెలుస్తుంది. కార్యకర్తకు ఎవరినీ ఆపే, నిలదీసే అధికారం లేదు. అతని పని చూసి రాయడం వరకే. ‘ఎవరూ లేరు’ అని నింపిన పట్టికకు ఇక్కడ ఎంతో విలువ ఉంది. తప్పు జరిగిన రోజుల్లోనే రాసిపెడితే ఆ తప్పు ఎంత అరుదో, ఎంత తరచో తేల్చడం సాధ్యం కాదు.

రెండవ ప్రశ్నకు జవాబు నీటి అడుగున ఉంది. పగడపు దిబ్బల పరిశీలన కోసం 1996లో మొదలైన ‘రీఫ్ చెక్’ సంస్థ తరఫున, కాలిఫోర్నియాలో శిక్షణ పొందిన డైవర్లు రాతి దిబ్బల మీద 30 మీటర్ల టేపు పరచి, దాని వెంట 2 మీటర్ల వెడల్పులో కనిపించిన నిర్ణీత జాతుల జీవులను లెక్కిస్తారు. ఈ పద్ధతిని ట్రాన్సెక్ట్ అంటారు. కొలత ఎప్పుడూ ఒకటే కావడం వల్ల ఒక ఏటి లెక్కను మరో ఏటి లెక్కతో పోల్చవచ్చు.

స్వచ్ఛంద లెక్కలకు పరిమితులు లేకపోలేదు. తీరిక దొరికిన రోజుల్లోనే వెళ్ళేవారి లెక్కలో సెలవురోజుల రద్దీ ఎక్కువగా పడుతుంది. పగటి నడకకు రాత్రి వేట కనిపించదు. ఒకేలా ఉండే రెండు చేపలను కొత్త డైవరు పొరబడవచ్చు. అందుకే శిక్షణ, జాతులను గుర్తుపట్టే పరీక్ష, అందరికీ ఒకే పట్టిక తప్పనిసరి అవుతాయి.

ఏళ్ళ తరబడి లెక్కించే ఈ ఓపిక ఎందుకో ఉత్తర కాలిఫోర్నియాలో బుల్ కెల్ప్‌కు పట్టిన గతి చెబుతుంది. కెల్ప్ అంటే అడుగున రాళ్ళను పట్టుకొని నీటి పైదాకా పెరిగే పెద్ద సముద్రపు నాచు; దాని గుబుర్లు చేపలకూ నత్తలకూ ఇల్లు, తిండి. ఒళ్ళంతా ముళ్ళుండే సీ అర్చిన్ అనే గుండ్రటి జీవి ఈ నాచును మేస్తుంది. దాన్ని తినే సీ ఆటర్లు బొచ్చు వ్యాపారం కోసం సాగిన వేటలో పూర్వమే అక్కడినుంచి మాయమయ్యాయి. మిగిలిన ప్రధాన శత్రువు, ‘సన్‌ఫ్లవర్ స్టార్’ అనే పెద్ద నక్షత్ర చేప, 2013లో మొదలైన అంటురోగంతో తుడిచిపెట్టుకుపోయింది. వెంటనే 2014 నుంచి 2016 వరకు సముద్రం అసాధారణంగా వేడెక్కింది. ఊదారంగు అర్చిన్లు విపరీతంగా పెరిగాయి, కెల్ప్ 90 శాతానికి పైగా నశించింది, దాన్ని తిని బతికే అబలోనీ అనే పెద్ద నత్తలు ఆకలితో చచ్చిపోయాయి. 2018 నుంచి సరదాకు సాగే అబలోనీ వేటను ప్రభుత్వం మూసివేసింది.

ఈ పతనాన్ని ఏటికేడు నమోదు చేసినవారిలో ప్రభుత్వ శాస్త్రవేత్తలతో పాటు రీఫ్ చెక్ డైవర్లూ ఉన్నారు. వేట వల్ల వచ్చిన నష్టమైతే రక్షిత ప్రాంతం లోపల కొంతైనా తగ్గి ఉండాలి. ఇక్కడ హద్దు లోపల కూడా కెల్ప్ పోయింది. వేడికీ రోగానికీ చట్టం గీసిన గీత అడ్డు కాదు. రక్షిత ప్రాంతాలు వ్యర్థమని దీనికి అర్థం కాదు: దక్షిణ తీరంలో అర్చిన్లను తినే షీప్‌హెడ్ చేపలూ ముళ్ళ రొయ్యలూ వేట లేనిచోట పెరిగితే కెల్ప్‌కు అండ దొరుకుతుంది. ఎక్కడ వేట నిషేధం సరిపోతుందో, ఎక్కడ మరో చికిత్స కావాలో విడదీసి చెప్పగలిగేవి ఏళ్ళ తరబడి పేరుకొన్న ఈ లెక్కలే. మెండొసీనో జిల్లాలోని నోయో అఖాతంలో 2020 నుంచి జరిగింది అటువంటి చికిత్సే: కెల్ప్ నాశనంతో ఆదాయం కోల్పోయిన వృత్తి డైవర్లకే కూలి ఇచ్చి ఊదారంగు అర్చిన్లను ఏరివేయించారు, ఏరకముందు, ఏరిన తరువాత అడుగున ఏముందో రీఫ్ చెక్ బృందాలు అదే 30 మీటర్ల టేపు పరచి లెక్కించాయి.