గోలకొండ నయాఖిల్లా ఉద్యానము – దాని జలచరిత్ర

మచిలీపట్నమునుండి వచ్చు 65వ జాతీయ రహదారి విజయవాడలోని బెంజ్ సర్కిల్ కూడలిని దాటి హైదరాబాదునకు సాగిపోవును. కుతుబ్ షాహీల కాలమున ఈ దారి కొనలలో ఒకటి ప్రధానమైన రేవు, మరియొకటి రాజధాని. విజయవాడలోని అక్కన్న మాదన్న గుహల పేరు ఆ ప్రభువుల తుది మంత్రులను నేటికిని స్మరింపజేయుచున్నది. వారి కోటలును గోరీలును కంటికి కనబడును. ఉద్యానములు అట్లు కనబడవు. వానిలో నొకదానిని నిచట పరిశీలింతము. ఉద్యానచరిత్రము నిజమునకు జలచరిత్రమే యని మా యభిప్రాయము.

1656లో ఔరంగజేబు గోలకొండను ముట్టడించెను. పిమ్మట అబ్దుల్లా కుతుబ్ షా కోట ప్రాకారమును ఈశాన్యమునకు పొడిగించెను. ఆ భాగమే నయాఖిల్లా. అందలి రాజోద్యానము చిరకాలము మంటిలో మరుగుపడియుండెను. 2014లో భారత పురావస్తు శాఖవారి త్రవ్వకములలో కాలువలు, తేర్పు తొట్లు, నడకదారులు, జలయంత్రముల యవశేషములు బయల్పడెను.

ఈ తొట్ల ప్రయోజనమును గ్రహించిన తోట నిర్మాణము బోధపడును. ఆనాటి జలయంత్రములకు ఆవిరి గాని విద్యుత్తు గాని లేదు. ఎత్తున నిలిపిన నీరు పల్లమునకు దిగునపుడు కలుగు ఒత్తిడియే ధారను పైకి చిమ్మును. నీటితో మట్టి వచ్చిన సన్నని గొట్టములు పూడిపోవును, ధార ఆగును. కావున నీటిని ముందుగా తొట్టిలో నిలిపి, మడ్డి అడుగునకు దిగిన పిదప తేటనీటిని వదలవలెను. ఒండ్రు తీయుట, గొట్టములను శోధించుట నిత్యకృత్యములు. వానికి పనివారును, వారిని పోషించు ప్రభుత్వమును కావలెను.

1687లో గోలకొండ మొగలుల వశమయ్యెను. ఏలికలతోపాటు ఈ పోషణయు తొలగుటచేతనే తోట నశించినదని మే మూహించుచున్నాము. గోడ నూరేండ్లు ఉపేక్షింపబడియు నిలుచును. తోట ఒక్క వేసవికే ఎండును. తరువాతి కాలమున నయాఖిల్లా నేలలో గోల్ఫ్ మైదానము వెలసినది.

ఇందుకు భిన్నమైన దృష్టాంతము సమీపముననే యున్నది. కుతుబ్ షాహీ గోరీల ప్రాంగణమున 2013లో జీర్ణోద్ధరణ మారంభమైనది. అందు కట్టడములతోపాటు మెట్లబావులను గూడ బాగుచేసిరి. గోలకొండ మెట్లబావుల పునరుద్ధరణకు 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ పురస్కారము లభించెను. బావిలో నీరు నిలిచిన చోట చెట్టును నిలుచును.

ఈ విషయము ఆంధ్రసాహిత్య విద్యార్థులకును ఉపయుక్తము. ఉద్యానవిహారము, జలక్రీడ ప్రబంధముల అష్టాదశ వర్ణనములలోనివి. ఇబ్రహీం కుతుబ్ షాకు అద్దంకి గంగాధరకవి తపతీసంవరణోపాఖ్యానమును అంకితమిచ్చెను. కవులు ఫలానా తోటనే వర్ణించిరని చెప్పుట సాహసము. అయినను కాలువలు, కొలనులు, జలయంత్రములు కేవల కవిసమయములని త్రోసివేయుటయు తగదు. పాఠమును నేలతో పోల్చి చూడవలెను.

అట్లు చూచుటకు ఆ నేల మిగిలియుండవలెను గదా! ప్రాకారమును కాపాడి, నీరు వచ్చు దారిని పూడ్చినచో, రక్షింపబడునది కోటయే గాని తోట కాదు.