నుమాయిష్: బేరాల సందడి, చదువుకు రాబడి

కొత్త ఏడాది వచ్చిందంటే హైదరాబాదీల సాయంత్రాలు నాంపల్లి దారి పడతాయి. జనవరి 1న మొదలై ఫిబ్రవరి 15 దాకా సాగే నుమాయిష్ ప్రదర్శనకు పోకుండా చలికాలం గడిచినట్టే అనిపించదు ఈ ఊరి జనానికి.

లోపల అడుగుపెడితే దేశమంతా వరుసకట్టి కనిపిస్తుంది. కశ్మీరీ శాలువాలు, లక్నో చికన్ కుర్తాలు, జైపూర్ దుప్పట్లు, డ్రైఫ్రూట్స్ గుట్టలు. శ్రీనగర్ వ్యాపారి చెప్పిన ధరకు పాతబస్తీ అమ్మ సగం అడుగుతుంది. రెండడుగులు వేయగానే అతనే వెనక్కి పిలుస్తాడు. పిల్లల కళ్లు మాత్రం జెయింట్ వీల్ మీద, మైదానాన్ని చుట్టొచ్చే బొమ్మ రైలు మీద ఉంటాయి. కాళ్లు లాగాక వేడివేడి మిర్చిబజ్జీ ఉండనే ఉంది.

రెండున్నర రూపాయలతో...

ఈ సంబరం పుట్టింది చదువుకున్న కుర్రాళ్ల ఆలోచనలోంచి. హైదరాబాద్ సంస్థానంలో ఆర్థిక సర్వే చేయాలని ఉస్మానియా పట్టభద్రులు సంకల్పించారు. ఖర్చుకు డబ్బు లేదు. స్థానిక వస్తువులతో ప్రదర్శన పెట్టి రాబట్టుకుందామనుకున్నారు. పెట్టుబడి రెండున్నర రూపాయలని చెబుతారు. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ దాన్ని ప్రారంభించారు. జనం పెరిగి చోటు చాలకపోవడంతో, 1946లో అప్పటి సంస్థాన ప్రధాని సర్ మీర్జా ఇస్మాయిల్ చొరవతో నాంపల్లిలోని ఇప్పటి మైదానానికి మారింది. కల్లోలపు రోజుల్లో, 1947, 1948లలో ఆగింది. 1949లో గవర్నర్ జనరల్ రాజగోపాలాచారి చేతుల మీదుగా మళ్లీ తెరుచుకుంది. అఖిల భారత పారిశ్రామిక ప్రదర్శన అన్న పేరు అప్పుడే వచ్చింది.

కాలిపోయినా లేచింది

2019 జనవరి 30 రాత్రి అగ్నిప్రమాదం వందలాది స్టాళ్లను బూడిద చేసింది. ఎందరో చిరువ్యాపారుల సరుకంతా పోయింది. అయినా కొద్ది రోజుల్లోనే మైదానం మళ్లీ తెరుచుకుంది. 2021లో కరోనా వల్ల ప్రదర్శన జరగనే లేదు. మరుసటేడు మొదలై మధ్యలో ఆగి, తిరిగి సాగింది.

టికెట్ డబ్బు ఎక్కడికి?

స్టాళ్ల అద్దెలు, ప్రవేశ రుసుముల రాబడితో, నుమాయిష్‌ను నిర్వహించే ఎగ్జిబిషన్ సొసైటీ విద్యాసంస్థలను నడుపుతోంది. ఆడపిల్లలు చదువుకునే సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయం, కమలా నెహ్రూ పాలిటెక్నిక్ ఈ మైదానం ఆవరణలోనే ఉన్నాయి. సర్వే ఖర్చుల కోసం పుట్టిన ప్రదర్శన ఇన్నేళ్లుగా చదువులకు దన్నుగా నిలిచింది.

ఏసీ మాల్‌లో ధర అచ్చువేసి ఉంటుంది, అడగడానికేమీ మిగలదు. ఇక్కడ జేబులో కొంచెమే ఉన్న కుటుంబం కూడా సాయంత్రమంతా తిరిగి, నచ్చింది బేరమాడి తెచ్చుకోగలదు. మెట్రో దిగి నడిచొచ్చేంత దగ్గరలో, నగరం నడిబొడ్డున ఉండడమూ అందుకు ఓ కారణం. భద్రత ఎంత పెంచినా మంచిదే, వసతులు ఎన్ని కొత్తగా వచ్చినా మంచిదే. నుమాయిష్ మాత్రం నాంపల్లిలోనే, అందరికీ అందే టికెట్‌తోనే సాగాలి.