శిశుపోషణమున తండ్రి వంతు

మన పల్లెలలో తాత మనుమని చంక నెత్తుకొని వీథిలో తిరుగుట వింత గాదు. ఆ బిడ్డను కన్నతండ్రి పెద్దల యెదుట ఎత్తుకొనుటకు సిగ్గుపడుట మాత్రము పలుయిండ్లలోని వాడుక. బిడ్డకు లాల పోయుట, ఉగ్గు పెట్టుట, రాత్రి మేల్కొని ఉయ్యెల నూచుట తల్లి పని యనియు, వెలుపలికి బోయి గడించుట తండ్రి పని యనియు విభాగము చేసికొంటిమి. కాని మన పల్లెతల్లి ఏనాడును ఇంటనే యుండలేదు. నాట్లకును కలుపులకును పోవుచునే యున్నది. నేడు బడిలో పంతులమ్మగాను, ఆసుపత్రిలో నర్సుగాను గూడ పనిచేయుచున్నది. వెలుపలి పని పెరిగినను ఇంటిపని తగ్గలేదు.

2019వ సంవత్సరమున భారత ప్రభుత్వమువారు జనులు దినమును ఎట్లు గడుపుదురో లెక్క తీసిరి. ఇంటిపని చేయు స్త్రీలు సగటున దినమునకు 299 నిమిషములును, చేయు పురుషులు 97 నిమిషములును దానికి వెచ్చించుచున్నట్లు తేలినది. అనగా ఆమెకు ఐదు గంటలు, అతనికి గంటన్నర. అందును ఇంటిపనిలో చేయి పెట్టిన పురుషులు నూటికి 26 మంది మాత్రమే.

ఈ భారమును పంచుటకు ఇతరదేశములు చేసిన యత్నములలో స్వీడను దేశపు చరిత్ర తెలిసికొనదగినది. ఆ దేశమున పూర్వము ప్రసవపు సెలవు తల్లికే యుండెను. 1974వ సంవత్సరమున ఆ సెలవు తల్లికైనను తండ్రికైనను చెందునని శాసనము చేసిరి. లోకమున ఇట్టి శాసనము చేసిన దేశములలో అదియే మొదటిది. అప్పుడు సెలవు 180 దినములు. భృతి జీతములో నూటికి 90 వంతులు. ఈ సొమ్ము ఒక్కొక్క యజమాని తన పెట్టెనుండి తీసి యిచ్చునది కాదు. యజమానులందరును జీతముల మొత్తమును బట్టి చెల్లించు చందాలతో నేర్పడిన ప్రభుత్వ బీమానిధినుండి వచ్చును.

శాసనమైతే వచ్చినది గాని తండ్రులు కదలలేదు. మొదట వాడబడిన సెలవుదినములు నూరింటిలో తండ్రులవి ఒకటియైనను లేదు. పురుషుని జీతము హెచ్చు. అతడు ఇంట నున్నచో కుటుంబమునకు నష్టము హెచ్చు. తోడివారు నవ్వుదురను జంకు వేరొకటి. ఆ జంకును పోగొట్టుటకై 1978లో బీమాశాఖవారు ఒక గోడపత్రమును వేయించిరి. అందు లెన్నార్ట్ డాల్‌గ్రెన్ అను, బరువులెత్తుటలో పేరొందిన వస్తాదు, పసికందును చేతులలో పొదువుకొని కనబడును. కొండంత మనిషికి రాని చిన్నతనము ఇతరులకేల వచ్చునని దాని భావము.

బోధవలన కొంత మార్పు వచ్చెను గాని, కట్టడివలన వచ్చినది అంతకంటె గొప్పది. ఊరి చెరువు పూడికతీతకు వీలైనవారు రండని చాటించినచో ఎప్పుడును వచ్చువారే వత్తురు. ఇంటికొక మనిషి యని నియమించినప్పుడే అందరును వత్తురు. స్వీడనువారును అట్లే చేసిరి. 1995లో ఒక నెల తండ్రికే యని విడదీసిరి. అతడు తీసికొనకున్న ఆ నెల పోవును గాని తల్లికి చెందదు. 2002లో రెండవ నెలయు, 2016లో మూడవ నెలయు చేర్చిరి. నేడు బిడ్డకు 480 దినముల సెలవు కలదు. అందు ఒక్కొక్కరికి 90 దినములు మార్పులేనివి. వాడబడు దినములలో తండ్రుల వంతు ఇప్పుడు నూటికి 30కి చేరినది. ఇది సమభాగము కాదు. అయినను దూరము చాలవరకు నడచినట్లే.

దీనివలన స్త్రీకి కలిగెడు మేలు పనిలో గూడ కలదు. సెలవు ఆడువారికే పరిమితమైనచో యజమాని మగవానినే కోరుకొనును. ఇరువురును సెలవు తీసికొనునపుడు ఆ యెన్నికకు కారణము సన్నగిల్లును.

మన దేశమున 1929లో బొంబాయి రాష్ట్రమున ప్రసూతి భృతి చట్టము వచ్చెను. 1961లో దేశమంతటికిని చట్టము చేయబడినది. 2017లో దానిని సవరించి, 12 వారముల సెలవును మొదటి యిరువురు బిడ్డలకు 26 వారములు చేసిరి. 50 మంది పనిచేయుచోట శిశుగృహ ముండవలెననిరి. ఇది మంచిపనియే. కాని తండ్రిని గూర్చి ఆ సవరణ ఏమియు పలుకలేదు. కేంద్రప్రభుత్వోద్యోగికి మాత్రము 15 దినముల సెలవు కలదు. పెక్కుచోట్ల తల్లి సెలవుకాలపు జీతమును యజమానియే భరింపవలసి యుండుటచే, ఆడపిల్లను పనిలో చేర్చుకొనుటకు అతడు వెనుదీయవచ్చును. ఇక కూలికి బోవు తల్లికి ఈ సెలవు అందనే లేదు. 2005 నాటి గ్రామీణ ఉపాధి హామీ చట్టము మాత్రము ఆమెను తలచినది. పనిచోట ఆరేండ్లలోపు బిడ్డలు ఐదుగురున్నచో, వారిని చూచుటకు ఒక స్త్రీని నియమించి ఆమెకును కూలి యీయవలెనని అందు విధించిరి.

2024 జూలై 1వ తేదీనుండి స్వీడనులో తలిదండ్రులు తమ సెలవులో ఒక్కొక్కరు 45 దినములవరకు తాతకో అవ్వకో మార్చి యీయవచ్చును. మన తాతలును అవ్వలును ఆ పనిని శాసనము లేకయే చేయుచున్నారు. కావున మనమా దేశమునకు నేర్పదగినదియు కలదు. దానినుండి నేర్వదగినదియు కలదు. సెలవు లిచ్చుట ప్రభుత్వము చేతిలోని పని. బిడ్డ నెత్తుకొన్న కొడుకును చూచి ఎగతాళి చేయకుండుట మాత్రము పెద్దల చేతిలోనిది. మీరు ఒక్కమారు "బిడ్డను నీవు పట్టుకొనుమురా, కోడలు భోంచేయును" అన్నచో, ఆ యింట కొడుకునకు ఏండ్లనాటి సిగ్గు తీరును. ఆ యిల్లాలికి అన్నము వేడిగా నుండగనే దొరకును.