అడవి చెడని వెలుగు

తెలుగు సాహిత్యమునకు చెంచులు క్రొత్తవారు కారు. అహోబల నరసింహుడు చెంచులక్ష్మిని వలచి పెండ్లాడిన కథ యక్షగానమై, వీథిభాగవతమై, పిమ్మట చలనచిత్రమై తెలుగునాట ఇంటింటికిని తెలిసినది. ఆ స్వామిని చెంచులు తమ యింటి అల్లునిగా నేటికిని భావింతురు. శ్రీశైలనాథుని చెంచు మల్లయ్యగా కొలుతురు. అయినను కథలోని చెంచును ఎఱిగినంతగా కొండమీది చెంచును నాగరికులు ఎఱుగరు. ఇందుకు నల్లమలలోని దీపముల చరిత్రయే తార్కాణము.

నల్లమల కొండల నడుమ పారు కృష్ణానదిపై శ్రీశైలమువద్ద కట్టిన ఆనకట్టకు 1963 లో జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసినారు. నేడు అచట కుడిగట్టున 770 మెగావాట్లు, ఎడమగట్టున 900 మెగావాట్లు స్థాపితశక్తి గల విద్యుత్కేంద్రములు ఉన్నవి. ఆ విద్యుత్తు ఎత్తైన స్తంభములమీదుగా అడవి దాటి నగరములకును, కర్మాగారములకును చేరినది. చెంచుల గూడెములను పెంటలందురు. ఆ కొండలలోనే ఉన్న లోతట్టు పెంటలలో మాత్రము చాలకాలము నెగడు మంటయు, కిరసనాయిలు బుడ్డియు తప్ప వేఱు వెలుగు లేదు.

అడవిలో రాత్రివేళ వెలుతురు విలాసము కాదు. పాము, తేలు, ఎలుగుబంటి తిరుగు చోట గుడిసె ముంగిటి దీపము ప్రాణరక్ష. అర్ధరాత్రి పురిటినొప్పులు వచ్చిన యింటికి అది పెద్ద ధైర్యము. ఆశ్రమ పాఠశాలనుండి సెలవులకు వచ్చిన పిల్లవాడు చీకటిపడిన పిదప పుస్తకము విప్పవలెనన్నను అదియే ఆధారము.

వెలుగు కావలెనని అందరును ఒప్పుకొందురు. అది వచ్చు త్రోవయే చిక్కు. 1983 లో ఈ అరణ్యము పులుల సంరక్షణ పథకములో చేరినది. 2014 లో రాష్ట్రము రెండైన తరువాత కృష్ణకు ఉత్తరమునగల భాగము తెలంగాణమున అమ్రాబాదు పులుల అభయారణ్యమైనది. ఇట్టి అడవిలో స్తంభములు నాటుటకు బాట పొడవునను చెట్లు కొట్టవలెను. అంతకంటె మించిన భయము మఱియొకటి కలదు. వేటగాండ్రు విద్యుత్తీగకు దొంగతనముగా మఱియొక తీగ తగిలించి నేలబారున పఱతురు. దానిని త్రొక్కిన దుప్పియు చచ్చును, పులియు చచ్చును, మనుష్యుడును చచ్చును.

కావున చెంచులే అడవి విడిచి బాటప్రక్కకు వచ్చిరేని, ఇల్లును దీపమును ఇచ్చుట సులభమని కొందఱి వాదము. వినుటకు ఇది యుక్తముగనే తోచును. కాని గడ్డల జాడయు, తేనెపట్టుల జాడయు, జిగురు చెట్ల జాడయు తెలిసిన కుటుంబమును రోడ్డు వెంబడి నిలిపినచో, దానికి వెలుగు దక్కి బ్రతుకుతెఱువు పోవును. అందుచేతనే 2006 నాటి అటవీహక్కుల చట్టము రెండు నియమములు చేసినది. గ్రామసభ తెలిసి, ఇష్టపడి సమ్మతింపనిదే వన్యప్రాణుల నెలవులనుండి ఆదివాసులను కదల్పరాదు. గ్రామసభ సిఫారసు చేసినచో, విద్యుత్తీగ మొదలగు అవసరములకు ఒక్కొక్క దానికి హెక్టారునకు లోపడిన అటవీభూమిని, హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకుండ, వినియోగింపవచ్చును. దీపము ఒకరి దయ కాదనియు, అడవి ఎవరికిని అడ్డు కాదనియు ఈ రెండు నియమముల సారాంశము.

తీగ పోరాని పెంటకు సూర్యుడే శరణ్యము. 2023 నవంబరు 15 న ఆరంభమైన ప్రధానమంత్రి జన్‌మన్ పథకము, మిక్కిలి వెనుకబడినవిగా గుర్తించిన 75 ఆదివాసి సమూహములలో తీగ చేరని ఇండ్లకు సౌరవిద్యుత్తును ఉద్దేశించినది. ఆ 75 సమూహములలో చెంచులును ఉన్నారు. సౌరఫలకమునకు చెట్లు కొట్టి బాట వేయనక్కఱలేదు. దానినుండి దొంగ తీగ లాగి పులిని చంపుట సాధ్యము కాదు. కాని ఫలకముపై నీడ పడినచో విద్యుత్తు తగ్గిపోవును. బ్యాటరీ కొన్నియేండ్లకే నీరసించును. దానిని మార్చువాడు లేనినాడు ఫలకము కప్పుపై అలంకారముగా మిగులును. అందువలన దీపమును ఇచ్చుటతో పని ముగియదు. దానిని బాగుచేయు విద్యను పెంటలోని యువతీయువకులకే నేర్పవలెను.

అడవి రక్షణకును ఇదియే సూత్రము. పులి అడుగుజాడను చూచి అది ఎప్పుడు, ఎటు పోయినదో చెప్పగల నేర్పు చెంచులకు పుట్టుకతో వచ్చిన చదువు. అటవీశాఖవారు ఆ నేర్పును గుర్తించి, అడవి లోపలి కావలి శిబిరములలో చెంచులను నియమించినారు. దొంగవేటను, కార్చిచ్చును కనిపెట్టుటలో వారి కన్నును మించిన యంత్రము లేదు. అడవిని కాచు చెంచు రాత్రి ఇల్లు చేరునప్పటికి ఆ యింట దీపము లేకుండుట న్యాయము కాదు. దీపము కొఱకు అతడు అడవిని విడువవలసివచ్చుటయు న్యాయము కాదు.

క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ పండితుడు చెంచుల జీవితమును చూచి వ్రాసిన గ్రంథము 1943 లో వెలువడినది. అప్పటినుండి వారిని గూర్చి వ్రాసినవారు పలువురు. వారిని అడిగి పని చేసినవారు కొందఱే. ఏ పెంటకు తీగ తగునో, ఏ పెంటకు సౌరదీపము తగునో ఆ పెంటవారే తేల్పవలెను. అట్లు వచ్చిన వెలుగున గుడిసెలో పుస్తకము తెఱచుకొనును, వెలుపల అడవియు చెడక నిలుచును.