వీరభద్రుడు ఇల్లరికం వచ్చాడా?

పెళ్లి కుదిరాక మా రెండిళ్ల మధ్య మొదటి గొడవ కట్నం గురించి రాలేదు. కులం గురించి కూడా కాదు (ఆ గొడవ అంతకుముందే రెండు నెలలు నడిచి, అలిసిపోయి ఆగింది). ఒక ఫారం గురించి వచ్చింది.

మేమిద్దరం బ్యాంకు ఉద్యోగులం. నాది విజయవాడ బ్రాంచి, అతనిది హన్మకొండ. పెళ్లయ్యాక ఒకే ఊళ్లో ఉండాలంటే ఇద్దరిలో ఒకరు బదిలీకి దరఖాస్తు పెట్టుకోవాలి. ఎవరైనా పెట్టుకోవచ్చు. అందులో 'కోరుకుంటున్న ఊరు' అని ఒక గడి ఉంటుంది. ఆ గడి నేనే నింపుతానని రెండు కుటుంబాలూ, నిజం చెప్పాలంటే నేనూ, అనుకున్నాం. మా నాన్నకి గుండెకి స్టెంట్ వేశారు, నేను ఒక్కదాన్నే కూతుర్ని. అయినా సరే, ఆడపిల్ల కదా, వెళ్లేది నేనే అన్నది ఎవరూ పైకి అనకుండానే ఖాయమైపోయింది. అతను మాత్రం ఎవరితోనూ చెప్పకుండా ఫారం తీసుకుని ఆ గడిలో 'విజయవాడ' అని రాసేశాడు.

ఆ రాత్రే వాళ్లమ్మ మా అమ్మకి ఫోన్ చేశారు. "మా పిలగాడు ఇల్లుటం పోతుండని చుట్టాలంత అంటున్నరు ఒదినా. నేను ముఖం ఎట్ల సూపెట్టుకోవాలె?"

అమ్మకి 'ఇల్లుటం' తెలీదు. ఫోన్ చేత్తో మూసి నన్నడిగింది. "ఇల్లరికం" అన్నాను. వెంటనే అమ్మ ముఖం కూడా అలాగే అయిపోయింది. తెలంగాణలో ఒక మాట, ఇక్కడ ఒక మాట, సిగ్గు మాత్రం ఒకటే. గమనించారా, అబ్బాయి అత్తారింటికొస్తే దానికొక ప్రత్యేకమైన పేరుంది. 1959లో ఆ పేరుతోనే నాగేశ్వరరావు, జమున సినిమా కూడా వచ్చింది. అమ్మాయి వెళ్తే మాత్రం అది కాపురానికి వెళ్లడం, అంతే.

మర్నాడు అతను ఫోన్‌లో "ఆదివారం రుద్రమదేవి చూద్దామా, చెరో ఫోన్‌లో, ఒకేసారి" అన్నాడు. గొడవ మధ్యలో సినిమా ఏంటని విసుక్కున్నాను. "ఒకసారి వీరభద్రుడి కోసం చూడు" అన్నాడు.

నేను ఆ సినిమా 2015 అక్టోబరులో విడుదలైన వారమే విజయవాడలో చూశాను, ఇంజినీరింగ్ ఫ్రెండ్స్‌తో. రాష్ట్రం రెండుగా విడిపోయి ఏడాదిన్నర కూడా కాలేదు. గోన గన్నారెడ్డిగా అల్లు అర్జున్ తెలంగాణ యాసలో మాట్లాడుతుంటే మా హాల్లో ఈలలు. ఎవరి యాస ఎవరిది అన్న గొడవ ఆ మూడు గంటలూ బయటే ఉండిపోయింది. అతను వరంగల్‌లో చూశాడట, అక్కడా అవే ఈలలు. బయట లెక్క వేరు. తెలంగాణ ప్రభుత్వం ఆ సినిమాకి వినోదపు పన్ను మినహాయించింది. ఆంధ్రలో మినహాయింపు దొరకలేదు. 2017లో గౌతమీపుత్ర శాతకర్ణికి రెండు ప్రభుత్వాలూ మినహాయించినప్పుడు, మరి నా సినిమా సంగతేంటని దర్శకుడు గుణశేఖర్ బహిరంగంగానే అడిగారు. రుద్రమ వాళ్ల రాణి, శాతకర్ణి మన రాజు అన్నట్టు తయారైంది వ్యవహారం. ఆ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాను.

ఆదివారం చూశాం. కథ మీకు తెలుసు. గణపతిదేవుడికి (కృష్ణంరాజు) కొడుకులు లేరు. కూతురు పుడితే మంత్రి శివదేవయ్య (ప్రకాశ్‌రాజ్) సలహాతో కొడుకని చాటి, రుద్రదేవుడిగా పెంచుతారు. ముక్తాంబతో పెళ్లి కూడా చేస్తారు. నిత్యా మీనన్ చేసిన ఆ పాత్ర నాకు అప్పుడూ ఇప్పుడూ బాగా నచ్చింది. చాళుక్య వీరభద్రుడిగా రానా. అనుష్క కత్తి పట్టుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది, అందులో అనుమానం లేదు.

కానీ ఈసారి ఒక విషయం గుచ్చుకుంది. సినిమా అంతా ఒక రహస్యం చుట్టూ తిరుగుతుంది: ఈమె ఆడది అని తెలిస్తే ఏమవుతుంది? ప్రేమ కూడా ఆ రహస్యం లోపలే. వీరభద్రుడు ప్రేమించిన అమ్మాయీ, తను స్నేహితుడనుకున్న యువరాజూ ఒకరే అని తెలియడమే వాళ్ల ప్రేమకథ. తెలిశాక? ఆ ఇద్దరూ ఎక్కడ కాపురం పెట్టారు? నిడదవోలు చాళుక్యుల అబ్బాయి ఓరుగల్లులో ఏం చేశాడు, రాణి సింహాసనం మీద కూర్చుంటే ఆయన ఎక్కడ కూర్చున్నాడు? సినిమాకి ఆ ప్రశ్నలే రాలేదు. నాకు అసలు కావలసింది అక్కడే ఉంది.

ఆ వారమంతా బ్రాంచి అయ్యాక చదువుతూ కూర్చున్నాను. మనం స్కూల్లో వదిలేసిన పాఠాలన్నీ ఇరవై ఎనిమిదేళ్లకి అవసరమయ్యాయి.

ముందుగా మా వైపు సంగతి. మా అమ్మమ్మది దివిసీమ. ఓరుగల్లుకీ మా దివిసీమకీ పెళ్లి సంబంధం ఎనిమిది వందల ఏళ్ల పాతదని నాకు అప్పుడే తెలిసింది. గణపతిదేవుడు ఈ డెల్టాని గెలిచాక, దివిసీమ పాలకుల ఆడపడుచులు నారాంబ, పేరాంబలని పెళ్లి చేసుకున్నాడు. వాళ్ల అన్నదమ్ముడు జాయపని తన కొలువులో సేనానిగా పెట్టుకున్నాడు. ఆ జాయపే తర్వాత నాట్యం మీద 'నృత్తరత్నావళి' రాసింది. నటరాజ రామకృష్ణ గారు పేరిణి నృత్యాన్ని మళ్లీ నిలబెట్టేటప్పుడు ఆ పుస్తకాన్నే ఆధారం చేసుకున్నారు. అన్నదమ్ముడికి సైన్యం, శాసనం, గ్రంథం అన్నీ దక్కాయి. సముద్రం పక్క ఊరు వదిలి ఓరుగల్లు కోటకి వెళ్లిన ఆ అక్కచెల్లెళ్లు అక్కడ ఎలా ఉన్నారో, చేపల పులుసు కోసం ఎన్నిసార్లు బెంగపెట్టుకున్నారో, ఎవరూ రాయలేదు. గెలిచినవాడికీ ఓడినవాళ్లకీ మధ్య కుదిరిన పెళ్లి అది. అందులో ప్రేమ ఉందో లేదో అడిగేవాళ్లెవరు?

తర్వాతి తరంలో లెక్క మారింది. గణపతిదేవుడి కూతుళ్లలో గణపాంబ అమరావతి దగ్గర ధరణికోటకి కోడలుగా వచ్చింది. భర్త కోట బేతరాజు. ఆయన పోయాక ఆమే ఆ సీమని పాలించింది. యనమదల శాసనంలో (1250) ఆమె మాటలున్నాయి. భర్త పేరు మీద బేతేశ్వరాలయం, తండ్రి పేరు మీద మరో గుడి కట్టించింది, అమరేశ్వరుడి గుడికి బంగారు కలశాలు ఎత్తించింది. శాసనాల్లో ప్రేమ గురించి రాయరు, పొలాల హద్దుల గురించి రాస్తారు. అయినా పోయిన భర్త పేరు రాయి మీద నిలబెట్టి, ఆ తర్వాత రాజ్యం కూడా తనే చూసుకున్న మనిషిని చూస్తే నాకు ముచ్చటేసింది.

రుద్రమ మాత్రం ఎక్కడికీ వెళ్లలేదు. గోదావరి జిల్లాల్లోని నిడదవోలు నుంచి వీరభద్రుడితో సంబంధం కుదిరింది కానీ ఆమె నిడదవోలు కోడలు కాలేదు. ఓరుగల్లులోనే ఉంది, 1262 నుంచి 1289 దాకా ఏలింది. వీరభద్రుడు రాజ్యం చేసినట్టు ఎక్కడా కనిపించడు. వారసత్వం కూడా ఆయన వైపు పోలేదు. కూతురు ముమ్మడమ్మ కొడుకు ప్రతాపరుద్రుణ్ని రుద్రమ వారసుడిగా తెచ్చుకుంది. తండ్రి నుంచి కూతురికి, ఆమె నుంచి కూతురి కొడుక్కి. ఇంకో కూతురు రుయ్యమ్మని ఇందులూరి అన్నయ అనే బ్రాహ్మణ మంత్రికిచ్చి పెళ్లి చేశారని చరిత్రకారులు రాశారు. మా రెండు నెలల కులం గొడవ అప్పుడు ఈ సంగతి తెలిసుంటే బాగుండేది.

మన భాషలో చెప్పుకుంటే వీరభద్రుడు ఇల్లరికపు అల్లుడే. ఏ రాయీ ఆయన్ని ఆ మాట అనలేదు.

అలాగని అప్పట్లో అంతా సమానత్వమే అని నేను అనను. రుద్రమ చాలా శాసనాల్లో రుద్రదేవ మహారాజు అన్న మగపేరుతోనే కనిపిస్తుంది. గద్దె ఎక్కాలంటే ఆ పేరు కావాల్సొచ్చింది. మోటుపల్లి రేవు గురించి రాసిన మార్కోపోలో అయితే ఆ దేశాన్ని న్యాయంగా ఏలుతున్న రాణిని తెగ మెచ్చుకుని, ఆమె రాజుగారి భార్య అనీ, ఆయన పోయాక ఏలుతోందనీ రాసేశాడు. తండ్రి నుంచి కూతురికి రాజ్యం వస్తుందని ఆయనకి తట్టలేదు కాబోలు.

సినిమాలో నాకు గుచ్చుకున్న ఆ రహస్యం సంగతికొస్తాను. ఆమెని పుట్టినప్పటి నుంచీ మగపిల్లాడిగా దాచారన్నది తర్వాతి కథ. ఆమె ఉన్న రోజుల్లోనే చెక్కిన ఒక శాసనంలో రుద్రమ గణపతిదేవుడి కూతురిగానే ఉంది, ఏ దాపరికమూ లేదు. ఆ శాసనం వరంగల్‌లో లేదు. మా ఇంటి నుంచి బండి మీద గంట కూడా పట్టదు. మల్కాపురంలో ఉంది, ఆంధ్రప్రదేశ్ సచివాలయం పక్కనే.

మొన్న శనివారం అతనూ, వాళ్లమ్మా వచ్చారు. పైకి కారణం దుర్గమ్మ దర్శనం. అసలు కారణం మా అందరికీ తెలుసు. ఆవిణ్ని నేను అత్తయ్య అంటే "గదేంది, అత్తమ్మ అను" అంటారు. ఉదయం కొండ దిగాక, అమ్మని కూడా ఎక్కించుకుని కారులో ప్రకాశం బ్యారేజి దాటాం. ఉండవల్లి, పెనుమాక, కృష్ణాయపాలెం, మందడం. వెనక సీట్లో ఇద్దరు అమ్మలూ సకినాలకీ జంతికలకీ తేడా గురించి మాట్లాడుకుంటున్నారు, అసలు విషయం తప్ప అన్నీ.

మల్కాపురం రాయి ఎత్తుగా ఉంటుంది, పైన నంది. నాలుగు వైపులా పాత తెలుగు లిపి. మాకు ఒక్క అక్షరం కూడా కుదురుగా తెలియలేదు. అందుకే నేను చదువుకున్నది చెప్పాను. 1261 నాటిది. విశ్వేశ్వర శివాచార్యుల మఠానికి, తండ్రి మాట ఇచ్చిన మందడంతో పాటు రుద్రమ వెలగపూడిని కూడా దానమిచ్చింది. ఇప్పుడు సచివాలయం ఉన్న వెలగపూడే. ఆ ఆదాయంతో గుడి, మఠం, చదువులు, బ్రాహ్మడి నుంచి చండాలుడి దాకా ఎవరొచ్చినా అన్నం, ఒక ఆరోగ్యశాల, ఒక ప్రసూతిశాల.

"ప్రసూతిశాల అంటే?" అంది అమ్మ.

"కాన్పుల దవాఖాన" అన్నారు అత్తమ్మ, నాకంటే ముందే. ఆవిడ హన్మకొండ దగ్గర ముప్ఫై ఏళ్లు ఏఎన్‌ఎంగా చేశారు. రాయి చుట్టూ ఒకసారి తిరిగి, చేత్తో తాకి, కళ్లకద్దుకున్నారు. "మా ఓరుగల్లు రాణి మీ ఊర్ల కాన్పుల దవాఖాన పెట్టిచ్చిందా?"

"అత్తమ్మా, అప్పుడిది కూడా ఆమె ఊరే" అన్నాను.

ఆవిడ ఏమీ అనలేదు. రాణిగారి భర్త ఎక్కడి వాడని అడిగారు. చెప్పాను. "మరి ఆయన ఓరుగల్లుకు వచ్చిండా, ఈమె పోయిందా?" ఈ ప్రశ్న కోసం నేను వారం రోజులు సిద్ధమయ్యాను, తీరా అడిగేసరికి గొంతు పట్టేసింది. జవాబు అతనే చెప్పాడు. "ఆమెకు రాజ్యం ఉన్నది కదమ్మా. ఎట్ల పోతది?"

"ఈ పిల్లకేం రాజ్యం ఉన్నదిరా?"

"నాన్న" అన్నాను. ఆ ఒక్క మాట కంటే నా దగ్గర పెద్ద జవాబు లేదు.

తిరుగు దారిలో కృష్ణాయపాలెం దాటేదాకా ఎవరూ మాట్లాడలేదు. తర్వాత అత్తమ్మ నన్నడిగారు, పెళ్లయ్యాక మీరుండే ఇల్లు మీ అమ్మానాన్నల ఇల్లేనా అని. కాదు, వేరే అద్దె ఇల్లు చూస్తున్నాం, సత్యనారాయణపురంలో, అమ్మావాళ్లకి మూడు కిలోమీటర్లు అన్నాను. కిరాయి ఎంత, నీళ్లొస్తాయా, తనొస్తే ఉండడానికి ఇంకో గది ఉందా అని అన్నీ అడిగారు. గది ఉందని చెప్పాను, లేకపోయినా చూడాల్సిందే ఇక.

బ్యారేజి మీద ట్రాఫిక్‌లో ఆగినప్పుడు ఆవిడ ఫోన్ మోగింది. అవతల ఎవరో చుట్టం. అత్తమ్మ కిటికీలోంచి నీళ్ల వైపు చూస్తూ అన్నారు: "ఇల్లుటం కాదొదినా, ట్రాన్స్‌ఫరు. గవర్మెంటు కొలువుల్ల ఉంటది గట్ల."

మాది గవర్నమెంటు కొలువు కాదు, బ్యాంకు. ఎవరం సరిదిద్దలేదు. బదిలీ ఆర్డరు ఇంకా రాలేదు.